లోపలి పేజీకి లింకు ఇవ్వడానికి అనుమతి ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లలో అట్టడుగున 'హైపర్‌లింకింగ్ విధానం' అని ఒక పేజీ ఉంటుంది. అది చదివేవాళ్లు అరుదు. కొన్ని సైట్లు మా సమాచారానికి నేరుగా లింకు ఇచ్చుకోవచ్చు, ముందస్తు అనుమతి అక్కర్లేదు, మాకు తెలియజేస్తే చాలు, మా పేజీలను మీ సైటు ఫ్రేముల్లో (అంటే మీ పేజీ చట్రం లోపల బిగించి) మాత్రం చూపించొద్దు అంటాయి. ఇంకొన్ని, లింకు ఇవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే అంటాయి. ఈ రెండో మాటను ప్రభుత్వ సైట్లన్నింటి నుంచీ తీసేయాలి.

ప్రజల డబ్బుతో తయారైన జీవో ఫలానా చోట ఉందని చెప్పడానికి ఎవరిని అడగాలి? అసలు కాగితం ఉన్న లోపలి పేజీకి కాకుండా, సైటు మొదటి పేజీ అయిన హోం పేజీకి మాత్రమే లింకు ఇస్తే ఏమవుతుందో ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఫోన్లో వెతికే పిల్లలకు బాగా తెలుసు. పైన నాయకుల ఫొటోలు, మధ్యలో అటూ ఇటూ పరుగెత్తే అక్షరాలు, 'కొత్తది' అంటూ మినుకుమనే బొమ్మ. అసలు పీడీఎఫ్ ఏ మెనూలో ఉందో అంతు చిక్కదు. విసుగొచ్చి వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్‌నే నమ్ముకుంటారు. అందులో చివరి తేదీని ఎవరైనా మార్చినా పట్టుకునే దారి లేదు. అసలు కాగితాన్ని నేరుగా చూపించే లింకుకు అడ్డుపడితే లాభపడేది ఇలా తేదీలు మార్చేవాళ్లే.

ప్రైవేటు సైట్లు, ముఖ్యంగా పత్రికల సంగతి కొంచెం వేరు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో 1996లో ఒక తగాదా వచ్చింది. షెట్లాండ్ న్యూస్ అనే వెబ్ పత్రిక, షెట్లాండ్ టైమ్స్ శీర్షికలను మక్కీకి మక్కీ తన పేజీలో పెట్టుకుని, వాటిని నొక్కితే తిన్నగా టైమ్స్ లోపలి కథనం తెరుచుకునేలా చేసింది. మొదటి పేజీలో ప్రకటనలు అమ్ముకుందామనుకున్న టైమ్స్‌కు కడుపు మండదా మరి! కోర్టు తాత్కాలికంగా ఆ లింకులను ఆపించింది. 1997లో రాజీ కుదిరింది. న్యూస్ లింకులు ఇచ్చుకోవచ్చు. కాకపోతే ప్రతి శీర్షిక కిందా దాదాపు అంతే సైజు అక్షరాల్లో 'షెట్లాండ్ టైమ్స్ కథనం' అని వేయాలి, పక్కనే టైమ్స్ లోగో పెట్టాలి, దాన్ని నొక్కితే టైమ్స్ శీర్షికల పేజీ రావాలి. ఆ తర్వాత వచ్చిన తీర్పులకన్నా నాకు ఈ రాజీయే నచ్చింది. తీర్పులేమో తలోదారి. పాస్‌వర్డు వగైరా లేకుండా అందరికీ తెరిచి ఉంచిన పేజీకి లింకు ఇస్తే కాపీరైటు ఉల్లంఘన కాదని 2003లో జర్మనీ ఫెడరల్ కోర్టు చెప్పింది. 2005లో మన ఢిల్లీ హైకోర్టు, ఉద్యోగ ప్రకటనల సైటు నౌకరీ డాట్ కామ్ యాజమాన్యం ఫిర్యాదు మీద, దాని లోపలి పేజీలకు నేరుగా లింకులిస్తున్న బిక్సీ అనే ఉద్యోగాల సెర్చ్ సైటును మధ్యంతర ఉత్తర్వుతో కట్టడి చేసింది.

లింకు ఇచ్చేవాడు కథనం ఎవరిదో కనబడేలా చెప్పాలి, అవతలి పేజీని తన ఫ్రేములో బిగించి చుట్టూ తన ప్రకటనలు వేసుకోకూడదు. ఈ రెండూ పాటిస్తే అనుమతి అడగాల్సిన పని లేదని నా అభిప్రాయం. లోపలి పేజీలో దిగిన పాఠకుణ్ణి అక్కడే ఇంకో నాలుగు కథనాలు చదివించుకోవడం, ప్రకటన చూపించుకోవడం సైటు వాళ్ల చేతిలో పనే.

మన తెలుగు వాళ్లకు ఈ తగాదా కూడా దూరమేననుకోండి. మొత్తం వ్యాసాన్ని ఎత్తి ఫేస్‌బుక్‌లో దించేసి, చివర 'సేకరణ' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు. రాసినాయన పేరుండదు, పత్రిక పేరుండదు. దీనితో పోలిస్తే లోపలి పేజీకి లింకు ఇచ్చినవాడు ఎంతో మర్యాదస్థుడు.

మీ ఆన్‌లైన్ ఎడిషన్‌కు ఒక మనవి. జీవో మీదో, కోర్టు తీర్పు మీదో వార్త వేసినప్పుడు అసలు ప్రతి ఉన్న పేజీ లింకును వార్త కిందే ఇవ్వండి. అలాగే మీ పాత కథనాల లింకులు నొక్కితే హోం పేజీకి తీసుకుపోకుండా ఆ కథనమే తెరుచుకునేలా చూడండి.

– ఒక పాఠకుడు, తెనాలి