పెదనాన్న నోటీసు, నూతి మోటారు

బావా,

నీ ఉత్తరానికి జవాబు బాకీ పడ్డానని తెలుసు. తిట్లన్నీ దాచుంచు, వచ్చినప్పుడు తిడుదువుగాని. మీ వీధి మేస్త్రి ఈ రాత్రే కువైట్ బయలుదేరుతున్నాడు, ఆవకాయతోపాటు ఇదీ ఇచ్చి పంపుతున్నా. అమ్మ బాగానే ఉంది. కాలవకి ఇంకా నీళ్లొదల్లేదు. కొబ్బరి ధర అడక్కు. చెల్లి సంబంధం... అది ఇంకో ఉత్తరం.

అసలు సంగతి మా పెదనాన్న నోటీసు.

డాలస్ నుంచి అన్నయ్య కొడుకు వచ్చాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. పెళ్లికి రాజోలు వెళ్తూ వాణ్ణి ఇంట్లో వదిలాం. ట్యాంకు నిండాలంటే నూతి మోటారు వెయ్యాలి. ఫుట్ వాల్వ్, అదే నూతిలో పైపు అడుగున నీళ్లు జారిపోకుండా ఆపేది, లీకు. ప్రతిసారీ పంపులో నీళ్లు పోస్తేగాని పైకి ఎక్కవు. "నేను రాసిస్తాలే" అన్నారు పెదనాన్న. ఉద్యోగమంతా ఆఫీసు ఫైళ్లు రాసిన చెయ్యి కదా!

"ది మోటార్ షల్ బి స్విచ్డ్ ఆన్, ఓన్లీ ఆఫ్టర్ ది పంప్ హ్యాజ్ బీన్ డ్యూలీ ఫిల్డ్ విత్ వాటర్..." ఇలా మొదలై పేజీ చివరిదాకా ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. వాడు మొదటి ముక్క చదివి స్విచ్చేశాడు. నీళ్లు లేని పంపు గోల మొదలెట్టింది. పక్కింటి మామ్మగారు గోడ అవతల నుంచి "ఆపు బాబూ, సీలు కాలిపోద్ది!" అని కేకేస్తే ఆపాడట. తర్వాత మిగతాది చదివి, బిందెతో నీళ్లు పోసి, అదే తడి చేత్తో మళ్లీ స్విచ్చు దగ్గరికెళ్లాడు. కాగితం అడుగున 'ఎన్.బి.', అంటే గమనిక, అని ఏముందో తెలుసా? తడి చేత్తో స్విచ్చు ముట్టరాదని! ఆవిడ మళ్లీ అరవకపోయుంటే... వద్దులే.

నేను టెక్నికల్ రైటింగ్, అంటే యంత్రాలు ఎలా వాడాలో తేలిగ్గా అర్థమయ్యేలా రాయడం, నేర్చుకుంటున్నానంటే "ఇదేదో కాకరకాయ కేసులా ఉందే" అన్నావు గుర్తుందా? ఆ చదువు ఇప్పుడు పనికొచ్చింది. విమానాలు బాగుచేసేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. అందుకే వాళ్ల మాన్యువల్స్ ఎలా రాయాలో చెప్పే నియమాలు 1986లోనే వచ్చాయి. సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్ అంటారు. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, మామూలుగా ఒక వాక్యంలో ఒకటే పని. షరతు ముందు, పని తర్వాత. ప్రమాదముంటే ఆ మాట పనికి ముందే చెప్పాలి. తెలుగులో 'నీళ్లు పోశాకే వెయ్యి' అంటాం కాబట్టి వరస దానంతటదే కుదురుతుంది, ఇంగ్లీషులో మనమే చూసుకోవాలి.

ఇదంతా చెప్పి నోటీసు ఆ పద్ధతిలో తిరగరాస్తే పెదనాన్నకి కోపం. "ఓపెన్, క్లోజ్, పోర్... పాలేరుకి చెప్పినట్టు ఏంట్రా ఇది? ఆయ్, కనీసం కైండ్లీ అయినా ఉండొద్దా?" అని. నేను కొట్టేసిన ప్రతి 'ప్లీజ్'నీ పెన్సిల్‌తో మళ్లీ రాశారు. ఆయన మర్యాద నాకర్థమవుతుంది బావా, అండీ అనకుండా మనకి నోరు పెగలదు. కానీ నూతి దగ్గర నిలబడ్డవాడికి కావాల్సింది మర్యాద కాదు, మొదట ఏ పిడి తిప్పాలో!

చివరికి పందెం పెట్టాం. వాడు కాగితం చూసి చేస్తాడు, ఇంకెవరూ నోరెత్తకూడదు. పెదనాన్న తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నారు! 'ఓపెన్ ది వాల్వ్' దగ్గర వాడు ఆగిపోయాడు. అక్కడ రెండున్నాయి, ఒకటి ట్యాంకుకి, ఒకటి దొడ్లో మొక్కలకి. మన కళ్లకి ఎప్పుడూ ఒకటే కనబడింది చూడు. ఎర్ర పిడిది అని రాశాం. 'ఫిల్ ది పంప్' దగ్గర "ఎంతవరకు?" అన్నాడు. పైన కన్నంలోంచి నీళ్లు పొర్లేదాకా అని చేర్చాం. తర్వాతి వాక్యం, చేతులు తుడుచుకో. ఆ తర్వాతే స్విచ్చు. ట్యాంకులో నీళ్లు పడ్డ చప్పుడికి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పెదనాన్నే.

ఇప్పుడాయనకి పూనకం వచ్చింది. ఇన్వర్టర్‌కి కూడా రాస్తానని పొద్దున్నే కూర్చున్నారు. మొదటి వాక్యంలోనే 'హియర్‌బై' ఉంది, అది తీయిద్దామని నేను మెల్లగా... అయ్యో, మేస్త్రి కారు వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. ఉంటా.

నీ బావ