రుద్రమను అట్టకత్తి దగ్గరే ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

బడిలో వార్షికోత్సవం వస్తే ఎవరో ఒక పాప రుద్రమదేవి వేషం కట్టాల్సిందే. తలపాగా చుట్టుకుని అట్టకత్తి పట్టుకున్న ఆ పిల్ల కళ్లలో మెరుపు మాకు ఎంతో విలువైనది. అందుకే ఆ ఇష్టానికి తప్పుడు కథ తినిపించవద్దని మా విన్నపం.

చాలా నాటికల్లో ఆమె ఆడపిల్లన్న సంగతి గుట్టు. చివరి రంగంలో అది రట్టవుతుంది. శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అన్న మగపేరు ఉన్న మాట నిజమే. కానీ 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురనే చెబుతుంది. అంటే ఆడదని లోకానికి తెలిసే ఏలింది. దాచిపెట్టి ఏలిందంటే ఆమె తెగువలో సగం మనమే చెరిపేసినట్టు. అదే శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ప్రస్తావన ఉంది. నాటికలో వాటికీ ఒక రంగం ఇవ్వండి.

వయసు విషయంలోనూ ఇదే పొరపాటు. చివరి యుద్ధంలోనూ పడుచుపిల్లనే చూపిస్తారు. అప్పటికి ఆమె పాతికేళ్లకు పైగా రాజ్యమేలిన అమ్మమ్మ. తరవాత సింహాసనమెక్కిన ప్రతాపరుద్రుడు కూతురి కొడుకే. పాత్రకు నెరిసిన జుట్టు పెట్టండి, పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు.

వీలైతే నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లకు తీసుకెళ్లండి. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారని చెప్పే శాసనం అక్కడే ఉంది. తిరగబడిన సామంతుడు అంబదేవుడి మీదికి వెళ్లిన పోరులో ఇద్దరూ నేలకొరిగారని చరిత్రకారుల ఊహ. మిట్టమధ్యాహ్నం వెళ్తే అక్షరాలు కనబడవు. ఎండ నిటారుగా పడి గీతల్లో నీడ నిలవదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు వెలుగులో చూడాలి. మబ్బు పట్టిన రోజైతే టార్చిలైటును రాతికి పక్కనుంచి వేయండి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, నూనె రాయడం మాత్రం వద్దు. తప్పుగా దిద్దిన గీతనే తరవాత వచ్చినవాళ్లు అక్షరమనుకుంటారు. నూనెకు దుమ్ము అంటుకుని గాట్లు పూడిపోతాయి. అచ్చయిన శాసన పాఠాన్ని పెద్ద అక్షరాలతో రాసుకెళ్తే పిల్లలు పోల్చుకుని చదువుతారు.

తేదీ లెక్క కూడా వాళ్లచేతే కట్టించండి. శాసనంలో ఉన్న శకవర్షం 1211కు 78 కలిపితే 1289. శాసనంలోది మార్గశిరం కాబట్టి 78 సరిపోతుంది. సంవత్సరం చివరి నెలలు, అంటే జనవరి ఒకటి నుంచి పడే తిథులైతే 79 కలపాలి. చాలామంది ఇక్కడే ఏడాది తప్పుతారు.

శాసనంలోని తిథి 1289 నవంబరు 27న పడింది. వచ్చే నవంబరు 27న మీ పిల్లల పేజీలో చందుపట్ల శాసన పాఠాన్ని, పక్కనే నేటి తెలుగులో దాని అర్థాన్ని అచ్చువేయమని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు చరిత్ర ఉపాధ్యాయులు