ప్రజా ప్రసారానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి?

సంపాదకుడు గారికి,

జనం డబ్బుతో రేడియో, టీవీ నడపడం దండగ, ప్రకటనలు తెచ్చుకుని బతకమనండి అనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. విన్నప్పుడల్లా మా అమ్మ కళ్లముందు మెదులుతుంది. ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. పొద్దున వార్తల వేళకి కుర్చీ దగ్గరకు లాక్కుని, రేడియో వైపు చెవి ఒగ్గి కూర్చుంటుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆగమంటుంది. పేపరు చదవలేని మనిషికి ఆ పది నిమిషాలే పేపరు. ఆమె కొత్త ఫోనూ కొనదు, కారూ కొనదు. ఆమె వినే కార్యక్రమానికి ప్రకటన ఇచ్చే కంపెనీ ఏది? బధిరులకు సైగల భాషలో చెప్పే వార్తలదీ, కొద్దిమందే మాట్లాడే భాషలో వచ్చే కార్యక్రమాలదీ అదే పరిస్థితి. ప్రకటన ఇచ్చేవాడికి కావలసింది కొనే జనం. అది అతని వ్యాపారం, తప్పు పట్టలేం. కానీ ప్రజా ప్రసారాన్ని ఆ వ్యాపారం చేతిలో పెట్టకూడదు.

మరి ప్రభుత్వమే ఏటా బడ్జెట్లో ఇస్తే? నాకు అసలు భయం అక్కడే. అమెరికాలో ప్రజా ప్రసారానికి నిధులు రెండేళ్లు ముందుగానే కేటాయించే ఏర్పాటు ఉండేది. రాజకీయాల వేడి తగలకూడదనే ఆ జాగ్రత్త. అయినా 2025 జులైలో అక్కడి చట్టసభ కాంగ్రెస్ అలా కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. దెబ్బ ఎక్కువగా పడింది ఊళ్లలోని చిన్న స్టేషన్ల మీద. పెద్ద నగరాల స్టేషన్లకు చందాలిచ్చేవాళ్లు ఉంటారు, వాటికెవరున్నారు?

జనం నుంచి నేరుగా వసూలు చేసినంత మాత్రాన కూడా గండం గడిచినట్టు కాదు. గ్రీస్‌లో ప్రజా ప్రసార సంస్థ ఈఆర్‌టీకి డబ్బు కరెంటు బిల్లుతో కలిసి వచ్చేది. 2013 జూన్ 11న సాయంత్రం మూసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది, ఆ రాత్రే టీవీ తెరలు నల్లబడిపోయాయి. ఉద్యోగం పోయిన జర్నలిస్టులు స్టూడియోలు వదలకుండా ఇంటర్నెట్‌లో ప్రసారం కొనసాగించారు. సంస్థ మళ్లీ తెరుచుకోవడానికి రెండేళ్లు పట్టింది. డబ్బు ఎవరిదన్నది ఎంత ముఖ్యమో, పెట్టె తాళంచెవి ఎవరి బొడ్లో ఉందన్నదీ అంతే ముఖ్యం.

బ్రిటన్‌లో బీబీసీ కోసం టీవీ చూసే ఇళ్లు కట్టే లైసెన్సు ఫీజును చాలామంది ఆదర్శం అంటారు. నేను ఒప్పుకోను. కోటీశ్వరుడికీ, కూలి చేసుకునే మనిషికీ ఒకే ఫీజు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం! కట్టకుండా టీవీ చూస్తే క్రిమినల్ నేరం, 1,000 పౌండ్ల దాకా జరిమానా. అలా శిక్ష పడినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తనిఖీకి వచ్చినవాళ్లు తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఉండి తలుపు తీసేది వాళ్లే కదా. పైగా ఫీజు ఎంతన్నది ప్రభుత్వం చేతిలోనే ఉంది. ధరలు మండిపోతున్నప్పుడు 2022 నుంచి రెండేళ్లపాటు దాన్ని పెంచకుండా ఆపేశారు.

నాకు నచ్చింది జర్మనీ పద్ధతి. 2013 నుంచి అక్కడ ఇంటికి ఇంత అని కడతారు, టీవీ ఉందా, ఫోన్లో చూస్తున్నారా అని ఎవరూ ఆరా తీయరు. ప్రభుత్వ సాయం మీద బతికేవారికి మినహాయింపు అడిగే వీలుంది. ఎంత అవసరమో లెక్కగట్టేది ఒక స్వతంత్ర కమిషన్. 2020లో ఆ కమిషన్ నెలకు 86 సెంట్లు, అంటే ఒక యూరో కూడా లేని మొత్తం, పెంచమంటే, ఒక్క రాష్ట్రం అడ్డుపడి మొత్తం ఆపేసింది. 86 సెంట్లే కదా అని ప్రసార సంస్థలు ఊరుకోలేదు, రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాయి. 2021లో కోర్టు వాటి పక్షానే తీర్పిచ్చింది. ప్రసార స్వేచ్ఛలో డబ్బు కూడా భాగమేనని అక్కడి కోర్టు గుర్తించింది.

దీనికి ఫిన్లాండ్ పద్ధతిని కూడా జోడిస్తే బాగుంటుంది. అక్కడ ఆదాయాన్ని బట్టి కడతారు, తక్కువ సంపాదించేవారికి ఏమీ ఉండదు, ప్రసార సంస్థకు డబ్బు బడ్జెట్ బయటున్న ఒక ప్రత్యేక నిధి ద్వారా అందుతుంది.

'నేను చూడను, నేనెందుకు కట్టాలి?' అనేవారి కోపం నాకు అర్థమవుతుంది. వారికి సమాధానం చెప్పాల్సింది ఆ సంస్థలే. ఏ కార్యక్రమానికి ఎంత ఖర్చయింది, పై అధికారుల జీతాలెంత అన్నది ఏటా అందరికీ అర్థమయ్యే భాషలో బయటపెట్టాలి. కమిషన్ చెప్పిన మొత్తాన్ని కనీసం నాలుగేళ్లపాటు ఏ మంత్రీ తాకలేకుండా చట్టంలోనే రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు