ఈ ఏడాది ఆవకాయ లేదు: ఇల్లు, సొలిసిటర్, మీ అడ్వాన్సులు

అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. ఈ ఏడాది ఆవకాయ పెట్టడం లేదు. ఆలస్యం కాదు, లేదు. మాగాయ, తొక్కుపచ్చడి కూడా అంతే. అడ్వాన్సు కట్టినవాళ్లందరికీ ఈ వారంలోనే డబ్బు వెనక్కి వేస్తున్నాను. పొడులు, నిమ్మకాయ, అల్లం పచ్చడి మామూలుగానే ఉంటాయి.

"అక్కా, జూన్ అన్నారు, తర్వాత జూలై అన్నారు, ఇప్పుడు అసలు లేదంటారేంటి?" అని కొందరు గట్టిగానే అడిగారు. డబ్బు కట్టినవాళ్లు అడగరా మరి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీలో ఇళ్లు కొనే ప్రయత్నంలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారని తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

కిందటేడు మీరు తిన్న ఆవకాయ, గంటల లెక్కన అద్దెకు తీసుకున్న ఒక హాలు వంటగదిలో పెట్టింది. ఆ హాలువాళ్లు ఇప్పుడు వంటగదిని బయటివాళ్లకి ఇవ్వడం మానేశారు. మేముండే ఫ్లాటులో పొడులు పట్టుకోవచ్చు గానీ, పెట్టెల కొద్దీ కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా కొట్టి, జాడీలకెత్తే చోటు లేదు. ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్ ఊరి శివార్లలో, వెనకవైపు పెంచి కట్టిన పెద్ద వంటగది ఉన్న ఇల్లొకటి నచ్చి, చలికాలంలో ఆఫర్ పెట్టాం. అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. ఇక్కడ ఇల్లు కొనడం మూడు నాలుగు నెలల పని అని విన్నాం. కాయ దిగేనాటికి పాలు పొంగించేస్తామనుకున్నాం. కాయ వచ్చింది, వెళ్లింది కూడా. ఇల్లు మాత్రం రాలేదు. సీజన్ దాటాక దొరికే మెత్తబడిన కాయతో ఆవకాయ పెట్టి మీకు పంపడం నాకు ఇష్టం లేదు.

మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకుంటే, మాట తప్పినవాడికి నలుగురిలో తలవంపులు, చట్టం ప్రకారం చిక్కులు. ఆ తర్వాత ఈసీ తీయించి, స్టాంపు డ్యూటీ కట్టి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు, వేలిముద్రలు వేస్తే పని అయినట్టే. ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నారంటే చట్టం లెక్కలో ఏమీ జరగనట్టే. ఇద్దరి సొలిసిటర్లూ, అంటే ఇంటి కాగితాల పని చూసే లాయర్లు, కాంట్రాక్టులు మార్చుకునే రోజు, అంటే ఎక్స్ఛేంజ్ రోజు, మామూలుగా పది శాతం డిపాజిట్ కట్టాకే ఇరుపక్షాలూ కట్టుబడతాయి. ఆ రోజు దాకా ఎవరైనా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. ఆఫర్‌కీ ఎక్స్ఛేంజ్‌కీ మధ్య ఉన్న ఆ నెలలన్నీ సొలిసిటర్ చేతిలోనే ఉంటాయి. మా బండి ఆగింది అక్కడే.

అంతా వాళ్ల బద్ధకమే అంటే మాత్రం అబద్ధమవుతుంది. ఉదాహరణకి డబ్బు ఎక్కడిదన్న విచారణ. మా డిపాజిట్లో సగం నాన్న ఇచ్చింది. తెనాలి దగ్గర అరెకరం అమ్మి పంపారు. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ఆ డబ్బు మూలం తెలుసుకోవడం సొలిసిటర్ల బాధ్యత. కాబట్టి అమ్మకం దస్తావేజు, దానికి ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం, ఆ సొమ్ము నాన్న ఖాతాలో పడినట్టు స్టేట్‌మెంటు, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చినట్టు బ్యాంకు కాగితాలు, నాన్న గుర్తింపు పత్రం, "ఇది అప్పు కాదు, ఈ ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు" అని నాన్న సంతకంతో ఉత్తరం, ఇవన్నీ అడిగారు. నాన్నకి పాస్‌బుక్కే లోకం. బ్యాంకుకి వెళ్లి స్టేట్‌మెంటు ముద్ర వేయించుకొచ్చి పంపితే, అందులో రెండు వేల రూపాయలు ఎవరిచ్చారని అడుగుతూ మెయిల్ వచ్చింది. అది పీఎం కిసాన్ డబ్బు! భారత ప్రభుత్వం రైతుకి ఏడాదికి మూడు విడతలుగా ఆరు వేలు ఇస్తుందని రాసి పంపాను. "నా కూతురికి నేనిచ్చుకుంటే వీళ్ల సొమ్మేం పోయింది" అని నాన్న రెండు రోజులు అలిగారు.

అది రూల్, సరే. మరి అవే కాగితాలు రెండోసారి అడగడం ఏ రూలు? ఫైలు చూసే అమ్మాయి సెలవులో వెళ్తే, ఆమె స్థానంలో వచ్చిన అబ్బాయికి ఏదీ కనపడలేదట. మళ్లీ అన్నీ అప్‌లోడ్ చేశాం. మెయిల్ పెడితే "మీ సందేశం అందింది" అని యంత్రం జవాబు. ఫోన్ చేస్తే "సంబంధిత బృందానికి చెబుతాం." ఆ బృందం ఎక్కడుంటుందో ఈనాటికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట, ఇండియాలో ఆస్తి ఉన్నవాళ్ల కోసం. మీ పేరున గానీ, మీ ఆయన లేదా ఆవిడ పేరున గానీ కూకట్‌పల్లిలోనో విశాఖలోనో ఫ్లాటుంటే మొదటి రోజే సొలిసిటర్‌కి చెప్పండి. మొదటిసారి కొనేవాళ్లకిచ్చే స్టాంప్ డ్యూటీ రాయితీ, కొనేవాళ్లలో ఎవరి పేరున ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా పోతుంది. ఆ ఇల్లు ఇంకా మీ చేతిలోనే ఉంటే చాలావరకు రెండో ఇంటి మీద వేసే అదనపు స్టాంప్ డ్యూటీ కూడా పడుతుంది. 2024 అక్టోబర్ 31 నుంచి అది మూడు శాతం కాదు, ఐదు. ఇది చివర్లో బయటపడితే లెక్కంతా తలకిందులవుతుంది.

సెర్చెస్ అంటే కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) రికార్డులు, నీటి పైపులు, మురుగు కాలవలు, వరద ముంపు లాంటి తనిఖీలు. అవి మాకు పెద్ద ఇబ్బంది లేకుండానే వచ్చాయి. అసలు తంటా వంటగదితో వచ్చింది. నేను ముచ్చటపడిన ఆ పెంచిన గదికి, బిల్డింగ్ నిబంధనల ప్రకారం పని పూర్తయిందని కౌన్సిల్ ఇచ్చే సర్టిఫికెట్ అమ్మేవాళ్ల దగ్గర లేదు. మా వైపు నుంచి ప్రశ్న వెళ్లాలి, వాళ్ల సొలిసిటర్ జవాబివ్వాలి. వారాలు గడిచినా ఏదీ రాకపోయేసరికి "నేనే కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుంటాను" అని మెయిల్ పెట్టాను. మొత్తం వ్యవహారంలో ఆ ఒక్క మెయిల్‌కి మాత్రం నిమిషాల్లో జవాబొచ్చింది: దయచేసి ఆ పని చేయకండి.

దానికి కారణముంది. ఇలా కాగితం లేని కట్టడాలకి ఇక్కడ ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా తీసుకుంటారు. రేపు కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం బీమా కంపెనీ భరిస్తుంది. అయితే ఆ కట్టడం సంగతి ఎవరైనా కౌన్సిల్ చెవిన వేశారంటే ఇక ఆ బీమా దొరకడం కష్టం. ఇంటి గురించి ఏ సందేహం వచ్చినా, సొలిసిటర్‌ని అడగకుండా మీరు కౌన్సిల్‌కి ఫోన్ చేయకండి. ఇంకోటి, ఆ బీమా కాగితానికే గానీ గోడకి కాదు. పైకప్పు కారితే అది డబ్బివ్వదు. కాబట్టి మేం సర్వేయర్‌ని విడిగా పంపి ఆ గదిని చూపించాం. గది గట్టిగానే ఉందన్నారు.

రెండో చిక్కు నేరుగా మన పచ్చళ్లకి సంబంధించింది. ఆ కాలనీ కట్టినప్పుడు బిల్డర్ దస్తావేజులో రాయించిన షరతుల్లో ఒకటి, ఈ ఇంట్లో ఏ వ్యాపారమూ చేయకూడదని. ఇక్కడ చాలా కాలనీల్లో ఈ షరతు ఉంటుంది. వాటిని కావనెంట్లంటారు. నేను దాచలేదు. పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతానని, పోస్టులో పంపుతానని సొలిసిటర్‌కీ, మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) ఇచ్చే బ్యాంకుకీ రాశాను. బ్యాంకు తన జవాబు ఇచ్చేసింది. సొలిసిటర్ నుంచి ఎన్నాళ్లకో వచ్చిన జవాబులో ఎక్కణ్ణుంచో తెచ్చి అతికించిన పేరా ఉంది. అది చదివితే పచ్చళ్లు పెట్టొచ్చని ఉందో, వద్దని ఉందో నాకూ అర్థం కాలేదు, మా ఆయనకీ అర్థం కాలేదు.

అప్పటికి మా ఓపిక అయిపోయింది. సొలిసిటర్‌ని మార్చేద్దామా అనుకున్నాం. ఆరా తీస్తే అదీ అంత తేలిక కాదు. కొత్తవాళ్లు మా బ్యాంకు ఆమోదించిన జాబితాలో ఉండాలి. గుర్తింపు, డబ్బు మూలం, నాన్న దస్తావేజు, పీఎం కిసాన్, అన్నీ మొదటికి. చేసిన పనికి బిల్లు కట్టేదాకా పాతవాళ్లు ఫైలు పట్టి ఉంచుకోవచ్చు. మళ్లీ నాన్నని ముద్ర కోసం బ్యాంకుకి పంపే ధైర్యం నాకు లేదు.

మార్చకుండా, అడిగే తీరు మార్చాం. "ఎప్పుడవుతుందండీ" అని అడిగినంతకాలం "త్వరలోనే" అన్నదే సమాధానం. దాని బదులు "ఇంకా తేలని ప్రశ్నల జాబితా పంపండి, ఒక్కొక్కటీ ఇప్పుడు ఎవరి దగ్గర ఆగిందో పక్కన రాయండి" అని అడిగాం. ఆ జాబితా వచ్చాక చూస్తే, అమ్మేవాళ్ల వైపు నుంచి జవాబు రాలేదని మాకు చెప్పినవాటిలో రెండు ఎప్పుడో వచ్చేసి మావాళ్ల దగ్గరే పడున్నాయి. ఈ సంగతి ఎస్టేట్ ఏజెంట్ ద్వారా బయటపడింది. ఏజెంటుకి ఇల్లు చేతులు మారితేనే కమిషన్ కాబట్టి, ఆయనకీ మనకున్నంత ఆత్రం ఉంటుంది. అవతలి సొలిసిటర్‌తో మనం మాట్లాడలేం, ఆయన అమ్మేవాళ్లని కదపగలడు. మొహమాటపడకుండా వాడుకోండి.

ఆ తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాం. పని మొదట్లో సొలిసిటర్లు పంపే ఉత్తరంలో, ఫిర్యాదు ఎవరికి పంపాలో ఉంటుంది. దానికి వాళ్లకి ఎనిమిది వారాల గడువు. అప్పటికీ తేలకపోతే, లేదా వాళ్లిచ్చిన తుది జవాబు నచ్చకపోతే, ఆ జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు లాయర్ల మీద ఫిర్యాదులు వినే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. మాకు అంతదూరం పోనక్కర్లేకపోయింది. ఫిర్యాదు అందాక ఫైలు ఆ ఆఫీసులోనే ఒక పెద్దావిడ చేతికి వెళ్లింది. ఆవిడే ఫోన్ చేసి, నేను చేసే పని ఏమిటో మొదటిసారి పూర్తిగా విన్నారు. ఇంటికి కొనేవాళ్లు రాకుండా, బోర్డు పెట్టకుండా, పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా వంటగదిలో చేసి పోస్టు చేస్తే ప్రమాదం తక్కువని, అయితే "అనుమతి ఉంది" అని మాత్రం తాను రాసివ్వలేనని చెప్పారు. నాకు కావాల్సింది అలాంటి సూటి మాటే. ఇంగువ పోపు ఇబ్బంది కిందికి వస్తుందా అని అడుగుదామనుకుని, నోరు మూసుకున్నాను.

ఇందులో మీకు సంబంధించిన సంగతి ఒకటుంది. కొత్త ఇంటికి వెళ్లాక ఇంటి దగ్గర పికప్ ఉండదు. ఎంత దగ్గరివాళ్లైనా సరే. పోస్టు, లేదా నేను తెచ్చిచ్చే రోజుల్లోనే.

ఇప్పుడు పరిస్థితి ఇది. వంటగది పాలసీ ఖరారైంది. అమ్మేవాళ్లు తాము కొనే ఇంటి కాగితాల కోసం ఎదురుచూస్తున్నారు. అది మా సొలిసిటర్ చేతిలో లేదు, ఎవరి మీద అరిచి లాభం లేదు. మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు దగ్గరపడుతోంది, పొడిగింపు అడిగాం. సెర్చెస్ కూడా కంప్లీషన్ రోజుకి, అంటే ఇల్లు చేతికొచ్చే రోజుకి, ఆరు నెలలు దాటి ఉండకూడదని బ్యాంకులంటాయి, దాటితే మళ్లీ తీయించాలి. ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా నేను మీకు ఏ తేదీ చెప్పను.

తాళాలు చేతికొచ్చినా మర్నాడే పొయ్యి వెలిగించలేను. కొత్త చోట ఆహార వ్యాపారం మొదలుపెట్టాలంటే కనీసం 28 రోజుల ముందు అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. రుసుము లేదు గానీ గడువు గడువే. మన శుభ్రతా రేటింగ్ ఇప్పటి వంటగదికిచ్చింది, అది నాతో పాటు రాదు. కొత్త వంటగదిని వాళ్లొచ్చి చూసి మళ్లీ ఇవ్వాలి. సీసాల మీద చిరునామా కూడా మారుతుంది. ఆవాలు, నువ్వులు, వేరుశనగ ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం వేసే లేబుళ్లూ ఎలాగూ మళ్లీ అచ్చు వేయించాలి.

అడ్వాన్సుల విషయం. ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే వెనక్కి వస్తుంది, మీరేమీ చేయనక్కర్లేదు. ఖాతా నంబర్లు పంపమని నా పేరుతో మెసేజ్ వస్తే అది నేను కాదు, పంపకండి. డబ్బు బదులు పొడులు కావాలనుకునేవాళ్లు గ్రూపులో కాకుండా నాకు విడిగా చెప్పండి. కందిపొడి, నువ్వులపొడి, నల్లకారం ఆర్డర్లు శనివారం నుంచి తీసుకుంటాను. కరివేపాకు కారం మాత్రం మంచి ఆకు దొరికిన వారమే.