వెనిగర్‌ల యాసిడ్ ఎంతుందో తేల్చుడు

హనుమకొండ

అరేయ్ సతీశూ,

ఇంటర్ పిల్లలతోని వెనిగర్ టైట్రేషన్ (క్షారం సుక్కసుక్క పోసి యాసిడ్ ఎంతుందో తేల్చుడు) చేపిస్తనన్నవు కదా, చేపియ్, మంచిగుంటది. లెక్క తప్పొస్తే మాత్రం పోరగాండ్ల మీద ఒర్రకు, ముందుగాల సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా, కింద సోడా అన్నది ఇదే) డబ్బా దిక్కు చూడు.

ఆ గుళికలు మూత తీయంగనే గాలిల తేమ గుంజుకుంటయ్. మన దిక్కు వానకాలంల తూసేలోపే తడిసి మెరుస్తయ్. 4 గ్రాములు లీటరుకు కలిపి 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అని చీటీ అంటిస్తరు గని, లోపల అంత ఉండదు. ఆక్సాలిక్ యాసిడ్‌తోని సరిచూడాలె. దాని స్ఫటికాలు 1.576 గ్రాములు 250 మి.లీ. చేస్తే 0.05 మోలార్. అది 10 మి.లీ. తీస్కుంటే సోడా సరిగ్గ 10 మి.లీ. పట్టాలె. 10.6 పట్టిందనుకో, నీ సోడా 0.094 అన్నట్టు. లెక్కల అదే అంకె పెట్టు.

వెనిగర్ తెల్లదే కొను. అట్లనే పోస్తే 10 మి.లీ.కి సోడా 66 దాటుతది, 50 మి.లీ. బ్యూరెట్ (సోడా పోసే గీతల గాజుగొట్టం) సాలది. అందుకే 10ని నీళ్లు కలిపి 100 చేసి, అండ్లకెల్లి 20 తియ్యి. రంగు చూపే ఫినాఫ్తలీన్ రెండు సుక్కలు. 4 శాతం సరుకైతే 13.3 దగ్గర లేత గులాబి వస్తది. సోడా నికరంగ 0.1 ఉంటే, వచ్చిన రీడింగును 0.3తోని గుణిస్తే శాతం వచ్చినట్టే.

రంగు 30 సెకన్లు నిలిస్తే ఆపెయ్యమను. ఆ తర్వాత గాలిల కార్బన్ డయాక్సైడ్ కలిసి అదే పోతది, పిల్లలేమో ఇంకో సుక్క, ఇంకో సుక్క అని పోస్తనే ఉంటరు. మిథైల్ ఆరెంజ్ అసలే వద్దు, బలంలేని యాసిడ్‌కు అది మస్తు ముందుగాలనే రంగు మారుతది. బోరునీళ్లల్ల బైకార్బొనేట్ ఉంటది, డిస్టిల్డ్ నీళ్లే వాడురి. బ్యూరెట్‌ను సోడాతోని కడగాలె, ఫ్లాస్కును ఉత్త నీళ్లతోనే. బ్యూరెట్ ముక్కుల గాలిబుడగ ఉంటే అది మధ్యల ఊడి రీడింగు చెడుతది. గరాటు మీదనే మర్శిపోతే అండ్లకెల్లి సుక్క జారుతది.

పచ్చిపులుసు కూడ చేద్దామంటరు, సూడు! చింతపండు రంగుల గులాబి కనవడదు. మస్తు పల్చగ చేసి, పీహెచ్ మీటరు పెట్టి 8.2 కాడ ఆపాలె. అండ్ల ఎక్కువ ఉండేది టార్టారిక్, లెక్కల వెనిగర్ యాసిడ్ (ఎసిటిక్) తుల్యభారం 60 బదులు 75 పడతది.

కళ్లద్దాలు పెట్టియ్యి, పిపెట్‌ను నోటితోని గుంజనియ్యకు. పనైనంక బ్యూరెట్‌ను వెంటనే కడిగియ్యి, గాజు తిప్పుడు (కొళాయి) ఉన్నదైతే సోడాకు పట్టేసుకుంటది, మళ్ల రాదు.

నీ
రాజు