మా హెచ్ఎం మేడం సంగతి

ఒరేయ్ మామా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు కాస్త నయం, చిన్నదానికి పళ్లు ఊడుతున్నాయి. అంతే. ఇక అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కొత్త హెచ్ఎం మేడం వచ్చారని ఫోన్లో చెప్పాగా. ఒకరోజు నా ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్‌లో చివరి బెంచీ మీద పిల్లల మధ్య కూర్చున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఆవిడ నావైపు చూడనే లేదురా! పక్క పిల్లాడి నోట్సే చూస్తున్నారు. సాయంత్రం స్టాఫ్ మీటింగులో సర్క్యులర్ చదువుతారనుకుంటే, నోటుపుస్తకాలు బల్ల మీద పరిచారు. 402లోంచి 178 తీసేయమంటే చాలామంది 376 వేశారు! పై అంకె చిన్నదైతే కిందదాంట్లోంచే పైదాన్ని తీసేశారన్నమాట. "ఎక్కడ ఆగిపోయారో చూద్దాం" అన్నారంతే. ఎవరి తప్పన్న మాటే రాలేదు.

మన 'సిలబస్ బాబాయ్' లాంటాయన ఇక్కడా ఉన్నాడుగా, "పోర్షన్ ఎప్పుడవుతుంది మేడం?" అని లేచాడు. మేడం వాదించలేదు. మాకు టైమంతా తినేసే ఆన్‌లైన్ ఎంట్రీలు, భోజనం లెక్కలు తన గదికి మార్పించుకుని, అలా మిగిలిన టైమును ఉన్నతికి, అదే చదువులో వెనకబడ్డ పిల్లల కోసం సర్కారు పెట్టిన కార్యక్రమానికి, ఇచ్చారు. అది 2023లోనే వచ్చినా మా దగ్గర రిజిస్టర్ దాటలేదు. ఇప్పుడు పిల్లల్ని తరగతిని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెడుతున్నాం. పుల్లల కట్టలతో పదులు, వందలు మళ్లీ మొదటినుంచి. నిన్న ఆ చివరి బెంచీవాడే బోర్డు దగ్గరికొచ్చి, "సార్, పదుల్లో సున్నా ఉంది, వంద కట్ట విప్పాలి" అన్నాడు. 224 వేశాడు మామా! నాకు గొంతు పట్టేసింది.

భువనగిరి గుట్ట మీద నువ్వు చెప్పు పారేసుకున్నావే, గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్నది అక్కడే. 2014 మే 25న 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ప్రవీణ్ కుమార్ గారు ఆ పిల్లలను నమ్మకపోతే గుట్టదాకా కూడా పంపేవారు కాదు. మన పిల్లలకు తీసివేతే ఎవరెస్టు, అయినా నమ్మేవాళ్లు కావాలి కదా.

నా భయమంతా మేడం బదిలీ గురించే. అన్నట్టు, గ్రూపుల రిజిస్టర్ ఆవిడ నాచేత కాదు, ఇక్కడి సిలబస్ బాబాయ్ చేత రాయిస్తున్నారు. ఇప్పుడు ఏ పిల్లాడు ఎక్కడున్నాడో ఆయనే నాకు చెబుతున్నాడు! అంటే రేపు ఆవిడ లేకపోయినా...

బెల్ కొట్టేశారు, నా గ్రూపు వరండాలో ఎదురుచూస్తోంది. వదినను అడిగానని చెప్పు.

నీ
మామ