కాఫీ మానొద్దు, వేళ మార్చు

అనంతపురం

ఏమప్పా, బాగుండావా? ఇంట్లో అందరూ కులాసానా?

నువ్వు పంపిన రిపోర్టు చూసినా. హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష, 6.1 అంటే అంత దిగులు పడాల్సిన పనీ లేదు, అట్లని పక్కన పెట్టేసేదీ కాదు. 5.7 లోపల ఉంటే మామూలు, 6.5, ఆ పైన అయితే షుగరు. నీది నడిమధ్యన ఉంది, ఇంకా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఢిల్లీలోని వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ల సర్వే 2023లో వచ్చింది చూడు, దేశంలో 10 కోట్ల మందికి షుగరుంటే, నీ మాదిరి అంచున ఉన్నోళ్లు 13 కోట్లకు పైనే అని తేలింది.

నన్ను కలవరపెట్టింది ఆ అంకె కాదు, దాని కింద నువ్వు రాసిన మాట. "కాఫీ తాగితే షుగరు తగ్గుతాదంట, అందుకే చక్కెర మానేసి లేస్తానే పరగడుపున పెద్ద కప్పు బ్లాక్ కాఫీ తాగుతాండా, ఆఫీసులో ఇంకో మూడు నాలుగు" అని రాసినావే, దాని గురించే ఈ ఉత్తరం. చక్కెర మానేసినందుకు నాకు నిజంగా సంతోషమైంది. ఆ పరగడుపు కాఫీ దగ్గరే నాకు పేచీ.

కాఫీ అంటే మనోళ్లకు తిండి లెక్కలోకే రాదబ్బా. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో రోజూ ఇదే. పొద్దున్నే కళ్యాణదుర్గం నుంచో ఉరవకొండ నుంచో మొదటి బస్సెక్కి వచ్చి బెంచీ మీద కూర్చోనుంటారు. మొన్న ఒక పెద్దాయన, చొక్కా చెయ్యి పైకి మడిచి, సూదికి సిద్ధంగా ఉన్నాడు. "ఏమన్నా తిన్నావా తాతా?" అంటే, "ఏమీ తిన్లేదు నాయినా, బస్టాండులో రవ్వంత కాఫీ నీళ్లు తాగినా, అంతే" అన్నాడు. ఆ రవ్వంతలో పాలున్నాయి, రెండు చెంచాల చక్కెర ఉంది, కెఫీన్ ఉంది. ఫాస్టింగ్ అంటే ఎనిమిది గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ పనికిరాదు. ఆయన్ను తిప్పి పంపాలంటే ప్రాణం ఉసూరుమంటాది. కానీ ఆ రక్తం తీసి ఇచ్చే అంకెను నమ్ముకొని డాక్టరు మాత్ర రాస్తే ఇంకా పెద్ద అన్యాయం.

చక్కెర వెయ్యని కాఫీ కూడా ఊరికే ఉండదు. కెఫీన్ ఒంట్లోకి పోతానే అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతాది. దాంతో ఇన్సులిన్ చెప్పిన మాట కండరాలు సరిగ్గా వినవు, రక్తంలోని గ్లూకోజు తొందరగా లోపలికి పోదు. ఇంగ్లండులో బాత్ యూనివర్సిటీ వాళ్లు 2020లో 29 మంది ఆరోగ్యవంతుల మీద చూసినారు. రాత్రి నిద్ర చెడగొట్టి, పొద్దున తీపి పానీయం తాగే ముందర చిక్కటి బ్లాక్ కాఫీ ఇచ్చినారు. కాఫీ లేని రోజుతో పోలిస్తే గ్లూకోజు పెరుగుదల దాదాపు సగం ఎక్కువ. చిత్రం ఏందంటే, ఆ ఒక్క రాత్రి నిద్ర చెడినందుకు పెద్ద తేడా రాలేదు, కాఫీతోనే వచ్చింది. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో మీటింగులు పెట్టుకొని, పొద్దున కాఫీతో కళ్లు తెరిచే నీకు ఇది నేరుగా తగిలే మాట.

"ఏళ్ల తరబడి తాగుతాండా, ఒళ్లు అలవాటు పడిపోయింటాది" అంటావేమో. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 2008లో నీలాంటి అలవాటున్న పదిమంది షుగరు రోగులకే నాలుగు కప్పుల కాఫీకి సరిపడా కెఫీన్ మాత్రలుగా ఇచ్చినారు. రోజు మొత్తం గ్లూకోజు సగటు 8 శాతం పెరిగింది, రాత్రి భోజనం తర్వాతదైతే 26 శాతం. పదిమందే అనుకో, చిన్న పరీక్షే. అయినా తెలిసి తెలిసి ఇంత పెంచుకోవడం ఎందుకు?

నువ్వు విన్నది మాత్రం గాలిమాట కాదు. 2002లో నెదర్లాండ్స్‌లో 17 వేల మందిని గమనిస్తే, రోజుకు ఏడు కప్పులు, ఆ పైన తాగేవాళ్లకు షుగరు వచ్చే అవకాశం సగానికి సగం తక్కువ కనిపించింది. తర్వాత చాలా దేశాల్లో అదే తేలింది. కెఫీన్ తీసేసిన కాఫీకి కూడా అదే ఫలితం. అంటే మేలు చేసేది కెఫీన్ కాదు, గింజలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం లాంటివి కావచ్చంటారు. అయితే అవన్నీ జనాన్ని ఏళ్ల తరబడి గమనించి చెప్పినవి. కాఫీ తాగేవాళ్లలో షుగరు తక్కువ కనిపించడం వేరు, గడప దాకా వచ్చిన షుగరును కాఫీతో వెనక్కి పంపడం వేరు. ఈ రెండింటినీ ఒకటి చేసుకోవద్దు.

పైగా వాళ్ల కాఫీ మన కాఫీ కాదు. మన హోటళ్లలో గ్లాసులో ముందే చక్కెర పోసి పెట్టింటారు. దాని మీద డికాక్షన్, ఆ మీద నురగొచ్చేటట్టు పాలు. కప్పుకు రెండు చెంచాలంటే ఎనిమిది నుంచి పది గ్రాములు. నాలుగు కప్పులకు ముప్పై దాటిపోతాది. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో రోజు మొత్తానికి 25 గ్రాముల లోపల ఉంటే మేలంటాది. బెల్లం కాఫీ అని ఇప్పుడు బోర్డులు పెడ్తాండారు, దాన్ని నమ్మి మోసపోవద్దు. రక్తంలోకి పోయినాక బెల్లమూ చక్కెరా ఒకటే.

నువ్వు కాఫీ మానాల్సిన పని లేదు. వేళ మార్చు, అంతే. లేస్తానే నీళ్లు తాగు. టిఫిన్ తిను. గంటాగి కాఫీ తాగు. గంట ఎందుకంటే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దన్నారు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తాయని. మీ ఆమెకు రక్తం తక్కువన్నావు కదా, ఆమెకూ చెప్పు. కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని కూడా వాళ్లే రాసినారు. డికాక్షన్ కాఫీ 150 మిల్లీలీటర్లకు 80 నుంచి 120 ఉంటాది. నీ పెద్ద కప్పులు రెండుకే గీత దగ్గరికి వస్తావు. సాయంత్రం నాలుగు తర్వాత అసలే వద్దు. తాగిన కెఫీన్‌లో సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే తిరుగుతాంటాది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే నీ వేలినే అడుగు. గ్లూకోమీటర్ ఒకటి కొను. ఒకరోజు ముందు కాఫీ, తర్వాత ఉగ్గాని. ఇంకోరోజు ముందు ఉగ్గాని, గంటాగి కాఫీ. రెండు రోజులూ అదే గిన్నెడు ఉగ్గాని, బజ్జీలు లేకుండా. తినడం మొదలుపెట్టిన గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి సూది గుచ్చి రాసి పెట్టు. ఒక్కరోజు అంకె పట్టుకొని తీర్పు చెప్పొద్దు, మళ్లీ మళ్లీ చూడు. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కొక్క మాదిరి. నీకు తేడా రాకపోతే నాకూ సంతోషమే.

ఇంకొకటి మర్చిపోయేటట్టుండా. అమ్మ థైరాయిడ్ మాత్ర కాఫీతోనే మింగుతాందని రాసినావు. అట్ల మింగితే మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు. పరగడుపున మంచినీళ్లతో వేసుకొని, గంటాగి కాఫీ తాగమను. నువ్వు చెప్తే వినకపోతే నాకు ఫోన్ చేసి ఇవ్వు, నేను మాట్లాడతా.

ఇట్లు,
నీ స్నేహితుడు